కొండమీద మహారాజు కేక

కొండలే కోటగోడలైన ఒకానొక రాజ్యాన్ని గజసింహ భూపతి ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే దర్జా అంటే పంచప్రాణాలూ. ఆయనకు ఎవరేం విన్నవించుకోవాలన్నా ముందు వందిమాగధులు ఆయన బిరుదులన్నీ చదివి తీరాలి. ఒకసారి వంటశాలకు నిప్పంటుకుంటే, కబురు తెచ్చిన భటుడు బిరుదులు పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈలోగా వంటశాల కాస్తా బూడిదైంది. ఆ పూట మహారాజుకు అటుకులే గతి అయ్యాయి.

ఇంకో ఆచారం కూడా ఉండేది. పొద్దున మెలకువ రాగానే రాజుగారు కళ్లు తెరవరు. సేవకులు నిలువుటద్దం మోసుకొచ్చి ఎదుట నిలిపి, "దర్శనం సిద్ధం, మహాప్రభూ" అన్నాకే తెరుస్తారు. లేవగానే లోకంలోకెల్లా శుభప్రదమైన ముఖం చూడాలి కదా! ఆ ముఖం ఎవరిదో వేరే చెప్పాలా? ఇదంతా అయ్యేసరికి బయట పొద్దు బారెడెక్కేది.

అలాంటి రాజుకు తగ్గ రాజగురువే దొరికాడు. పేరు యజ్ఞేశ్వర సోమయాజి. ఆయన ఓనాడు రాజుతో అన్నాడు:

"ప్రభూ, తమతో మాట్లాడాలంటేనే ఇంత మర్యాద ఉందే! సకల లోకాలకూ రాజైన దేవుడితో మాత్రం ఎవరు పడితే వారు, ఏ మాట పడితే ఆ మాట మాట్లాడేస్తున్నారు. ఇదేం న్యాయం?"

"నిజమే సుమా!" అన్నాడు రాజు. మర్నాడే శాసనం వెలువడింది. దేవుణ్ణి పిలవదలచినవారు ఆలయంలోనే, అర్చకుడి ద్వారానే, గ్రంథంలో ఉన్న మాటలతోనే పిలవాలి. మరోలా పిలిచినవారు పొద్దు గుంకేలోగా రాజ్యం విడిచిపోవాలి.

ఆ శాసనానికి మొదట చిక్కింది దాలమ్మ. కొండమీద మేకలు కాసుకునే ముసలమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. రోజూ తెల్లారగట్ల కొండకొమ్మున నిలబడి ఏదో కేక పెడుతుందని భటులు పట్టి తెచ్చారు.

"ఎవర్ని పిలుస్తున్నావే?" అన్నాడు రాజు.

"మా సామిని, బాబూ."

"ఏ గ్రంథంలోని మాటలతో?"

"గ్రంతమా? నాకేటి తెలుస్తాది బాబూ! సూసీసరికి నోట్లోంచి అదే వచ్చీసింది. నానేటీ అనలేదు."

రాజుకు కోపం వచ్చింది. "అదే రావడమేమిటి? ఆ నోటికి యజమాని లేడా?"

సభంతా నవ్వింది. దాలమ్మ మాత్రం బెదిరిపోయి చుట్టూ చూసింది. "బాబూ, కొట్టండి, తిట్టండి, పడతాను. కొండ దిగి పొమ్మనకండి. ఈ వయసులో మా సామిని ఇంకెక్కడ ఎతుక్కోనూ?"

"పిచ్చిదానా!" అన్నాడు సోమయాజి జాలిగా. "దేవుడు సర్వాంతర్యామి. లేని చోటంటూ లేదు."

"గురువుగారూ, కాస్త మెల్లిగా!" అని వినబడింది సింహాసనం పక్కనుంచి. "ఆ మాట ఆలయం బయట అన్నారని ఎవరైనా పట్టుకోగలరు."

అన్నది అడపకత్తె నాచి. అంటే రాజుగారి తాంబూలపు పెట్టె పట్టుకుని, వేళకు ఆకులు చుట్టి అందించే పిల్ల. ఆమె చుట్టే చిలకల్లో లవంగం కన్నా ఆమె మాటల్లో ఘాటెక్కువని పేరు. ప్రతి చిలకకూ బిరుదులు చదువుతూ కూర్చుంటే ఆకు వాడిపోతుందని, రాజుతో సూటిగా మాట్లాడే చనువు ఆమె ఒక్కతెకే ఉండేది.

"నాచీ, నువ్వు ఈ ముసలిదాని పక్షమా?" అన్నాడు రాజు.

"నేను శాసనం పక్షం, మహాప్రభూ. శాసనమంటే అందరికీ ఒక్కటిగా ఉండాలి. గొప్పవాళ్లకు ఒకలా, మేకలు కాసేవాళ్లకు ఒకలా అయితే ఇక దాని విలువేముంది?"

రాజు మీసం మెలేశాడు. "అందరికీ ఒక్కటే! నేను మీరినా నాకూ అదే శిక్ష. రాసుకోండి!"

లేఖకుడు రాసుకున్నాడు. నాచి తలవంచి దండం పెట్టింది.

"అలాగైతే ఇంకొక్క మనవి. ఈమె ఏమన్నదో ఒక్కో భటుడు ఒక్కో రకంగా చెబుతున్నాడు. ఒకడు తిట్టిందంటాడు, ఒకడు ఏడ్చిందంటాడు. తప్పు రుజువు కాకుండా శిక్ష వేస్తే అపకీర్తి తమకే. రేపు తెల్లవారేసరికి తమరే కొండమీదికి వేంచేసి స్వయంగా వినండి. తమ చెవులకన్నా గొప్ప సాక్ష్యం ఏముంది?"

తన చెవులను ఎవరైనా పొగడటం రాజుకు అదే మొదలు. వెంటనే ఒప్పుకున్నాడు.

మర్నాడు తెలవారకముందే పల్లకి కదిలింది. దట్టమైన తెరల వెనక, పరుపుమీద, రాజుగారు హాయిగా గురక పెడుతున్నారు. వెనక సోమయాజి తాళపత్రాల మూట చంకన పెట్టుకుని ఆయాసపడుతూ నడుస్తున్నాడు. ఆ వెనకాల ఎక్కడో నిలువుటద్దం మోసేవాళ్లు. దారి ఇరుకు, అద్దం వెడల్పు. ప్రతి చెట్టుకూ అది తగులుకుంటోంది.

"అయ్యో, అద్దం వెనకబడిందే!" అన్నాడు సోమయాజి.

"పడనివ్వండి గురువుగారూ," అంది నాచి. "తొందరపడితే పగులుతుంది."

కొండకొమ్మున పల్లకి దించారు. దాలమ్మ తన రాతిమీద తాను నిలబడింది, చుట్టూ మేకలు. చలికి వణుకుతోంది. ఇదే ఆఖరిసారి అనుకుందో ఏమో, కొంగుతో కళ్లు తుడుచుకుని మరీ తూర్పుకు తిరిగింది.

కుదుపుకు రాజుకు మెలకువ వచ్చింది. అలవాటు ప్రకారం కళ్లు గట్టిగా మూసుకునే, "దర్శనం!" అన్నాడు.

నాచి పల్లకి తెర సర్రున లాగేసింది.

"దర్శనం సిద్ధం, మహాప్రభూ."

రాజు తన ముఖం చూసుకుందామని కళ్లు తెరిచాడు.

ముఖం లేదు. కోట లేదు. కోట బురుజులు లేవు, బిరుదులు చెక్కించిన రాతిస్తంభం లేదు. లోయ లోయంతా పాలు పొంగినట్టు మబ్బు. కొండలన్నీ మునిగిపోయి, శిఖరాలు మాత్రం తేలుతున్నాయి. చప్పుడన్నది లేదు. గాలి కూడా ఊపిరి బిగబట్టింది. ఆ తెలుపు చివర సన్నగా ఒక ఎర్రటి గీత పుట్టింది. గీత నిప్పైంది. మబ్బు అలలు ఒకదాని తర్వాత ఒకటి అంటుకుంటూ, ఆ వెలుగు పరుగున వచ్చి కొండను తాకి, పల్లకిలోకి ఎక్కి, రాజు ముఖం మీద పడింది.

రాజు పల్లకిలోంచి దిగలేదు, దొర్లాడు. మోకాళ్లమీద పడ్డాడు. చేతులు వాటంతటవే జోడయ్యాయి. రాజభాష ఎటు పోయిందో, పసితనంలో తనను పెంచిన కొండదాది మాట గొంతు చీల్చుకుని వచ్చింది:

"ఓలమ్మో! నా తండ్రీ! వచ్చినావా!"

సరిగ్గా అప్పుడే రాతిమీదనుంచి దాలమ్మ కేక: "వచ్చినావా, నా తండ్రీ!"

రెండు కేకలూ కలిసి ఎదుటి శిఖరాన్ని తాకి తిరిగొచ్చాయి. తిరిగొచ్చినదాంట్లో రాజు గొంతేదో, ముసలమ్మ గొంతేదో ఎవరికీ తెలియలేదు.

నాచి రాజు పక్కకు వచ్చింది. "మహాప్రభూ, పల్లకి ఎటు తిప్పమంటారు? ఇటు దిగితే పొరుగు రాజ్యం దగ్గర. పొద్దు గుంకేలోగా హాయిగా చేరుకోవచ్చు."

రాజు ఉలిక్కిపడ్డాడు. "ఏమిటే వాగుతున్నావ్?"

"ఇది ఆలయం కాదు. అర్చకుడు లేడు. ఓలమ్మో అనే మాట ఏ గ్రంథంలో ఉందో గురువుగారే చెప్పాలి."

"నేనేమీ అనలేదు!" అని గద్దించాడు రాజు. "చూసేసరికి నోట్లోంచి అదే..."

ఆగిపోయాడు. ఈ మాట ఎక్కడో విన్నాడు. నిన్ననే విన్నాడు.

"అదే వచ్చేసింది, అంతేనా?" అంది నాచి మెల్లిగా. "నిన్న తమరొక ప్రశ్న అడిగారు, ఆ నోటికి యజమాని లేడా అని. ఇప్పుడు చెప్పండి మహాప్రభూ. ఆ యజమాని ఎవరు?"

రాజు ఇంకా జోడించే ఉన్న తన చేతులకేసి చూసుకున్నాడు.

ఇంత జరుగుతుంటే సోమయాజి తలెత్తలేదు. నేలమీద కూర్చుని, పొద్దు పొడిచేవేళ చదవాల్సిన స్తోత్రం కోసం తాళపత్రాలు తిరగేస్తున్నాడు. దొరికింది. గట్టిగా అందుకుంటూ తలెత్తాడు. శ్లోకం సగంలో ఆగింది. పత్రాలు ఒళ్లోకి జారాయి. రోజూ వల్లించే ఆ మాటలన్నీ ఎదురుగా నిలబడి మండుతున్నాయి.

"నాచీ," అన్నాడు. "ఈ శ్లోకం మొట్టమొదట చెప్పినవాడి చేతిలో గ్రంథం ఉండి ఉండదు తల్లీ. ఇలాంటి చోటే ఎక్కడో నిలబడి ఉంటాడు. ముందు వాడూ ఓలమ్మో అనే అని ఉంటాడు."

మాటకు మాట అందించే నాచి ఈసారి వంగి ఆయన పాదాలు తాకింది.

అప్పుడు నవ్వాడు రాజు. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. సోమయాజి మూటలోంచి శాసనపత్రం తీయించి రెండుగా చింపి విసిరాడు. దాలమ్మ మేక ఒకటి వచ్చి వాసన చూసి, ముఖం తిప్పుకుని పోయింది.

"చూశారా?" అంది నాచి. "ఆకలేసినా దానికీ ఎక్కలేదు."

రాజు మరింత నవ్వి ఆమె చేతిలోని తాంబూలపు పెట్టె లాక్కున్నాడు. నేలమీద చతికిలబడి తానే ఆకులకు సున్నం రాసి రెండు చిలకలు చుట్టాడు. వంకరటింకరగా వచ్చాయి. ఒకటి దాలమ్మకు ఇస్తూ, "అవ్వా, ఈ కొండ నీది. రేపటినుంచి ఇక్కడ నీ పక్కన నాకు కాస్త చోటిస్తే చాలు," అన్నాడు. రెండోది నాచికిచ్చి, తన మెళ్లోని ముత్యాలదండ తీసి ఆమె మెళ్లో వేశాడు.

నాచి చిలక నోట్లో పెట్టుకుని కళ్లు చికిలించింది. "మహాప్రభూ, సున్నం ఎక్కువైంది. నోరు పొక్కింది."

"బాగా అయింది. ఈ ఒక్క రోజైనా ఊరుకుంటుంది."

అప్పటికి అద్దం మోసేవాళ్లు రొప్పుతూ పైకి చేరారు. గబగబా దాన్ని రాజు ఎదుట నిలబెట్టి, "దర్శనం సిద్ధం, మహాప్రభూ!" అన్నారు.

అద్దం నిండా మహారాజు ముఖమే ఉంది. దాని వెనక సూర్యుడు మరుగునపడ్డాడు.

"అడ్డు తీయండిరా," అన్నాడు రాజు. "దర్శనం అయింది. ఇంకా అవుతూనే ఉంది."