చెవులపిల్లిలో రెండో సీటు

ఏకాంబరం మూట కట్టేశాడు.

మూటంటే పెద్దదేం కాదు. రెండు పంచెలు, ఒక తువ్వాలు, చలికాలంలో కప్పుకునే గొంగళి. ఆశ్రమానికి వచ్చిన రోజున చంకన పెట్టుకొచ్చినవీ ఇంచుమించు ఇవే. వచ్చి పుష్కరం కావస్తోంది.

మదనపల్లె దాటి కొండెక్కే దారిలో, మొదటి మలుపుకు కాస్త ముందర, చెంగల్రాయ సామి ఆశ్రమం. ఒక పూజగది, ఒక వంటకొట్టం, రోడ్డు వైపు ఒక వసారా. అంతకు మించి ఏమీ లేదు. ఆ పొద్దున సామి వసారాలో కాళ్లు చాపుకొని, నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నారు. రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే తోలు వదిలేసి, పప్పు జారి గిన్నెలో పడుతుంది. పూటకు పితికిపప్పు కూర అన్నమాట.

ఏకాంబరం మూటను గోడకానించి ఎదురుగా కూర్చున్నాడు.

"సామీ, నేను పోతాను."

"ఎక్కడికి నాయనా?"

"ఎక్కడికో. నాకు భక్తి రాలేదు సామీ."

సామి ఇంకో గింజ తీసుకున్నారు.

"తెల్లారకముందే లేస్తా. స్నానం, దీపం, జపం. జ్వరమొచ్చినా మానలేదు. కానీ లోపల తడి లేదు సామీ. పూజగదిలో కూర్చుంటే ఎప్పుడు లేద్దామా అనే ఉంటుంది. ఇన్నేళ్లూ మిమ్మల్ని మోసం చేసినట్టుంది నాకు."

ఈ నాలుగు మాటలు నోట్లోంచి రావడానికి అతనికి ఎన్ని నెలలు పట్టిందో అతనికే తెలుసు.

"సరే," అన్నారు సామి. "ఈ గింజలయ్యేదాకా ఉండు. కూర తిని పోదువు."

పొమ్మనలేదు, ఉండమనలేదు. ఏకాంబరానికి మనసు చివుక్కుమంది. ఎందుకురా అని ఒక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయింది?

అంతలో రోడ్డు మీద ఒక చప్పుడు. లారీది కాదు, బస్సుది కాదు. గొంతు సన్నం, కోపం లావు. ఆ చప్పుడు సరిగ్గా ఆశ్రమం ముందరికి వచ్చి ఆగిపోయింది.

ఆగక ఏం చేస్తుంది? అక్కడొక స్పీడు బ్రేకరుంది. అది మన ఏకాంబరం పుణ్యమే. కొండకు పోయే బండ్లు హోరెత్తిస్తూ జపం చెడగొడుతున్నాయని పంచాయతీ వాళ్ల చుట్టూ తిరిగి తిరిగి వేయించుకున్నాడు. వాళ్లు ఒక మోస్తరుగా వేసి పోబోతుంటే, ఇదేం చాలుతుందయ్యా అని ఎదురుగా నిలబడి ఇంకో పొర పోయించాడు కూడా. ఇప్పుడది స్పీడు బ్రేకరు కాదు, చిన్నపాటి గుట్ట.

ఆ గుట్టకు ఇవతల బొప్పాయిపండు రంగు కారొకటి నిలబడి ఉంది. నిలబడి ఉందనడం కూడా ఎక్కువే, పడుకుని ఉంది. ఎత్తు ఏకాంబరం మొలకు రాదు. ఉన్నవి రెండే సీట్లు. ఎవరో పెద్ద కారు గీయబోయి, కాగితం చాలక, ఉన్నంతలో సర్దేసినట్టుంది.

తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ముందు ఒక కాలు, తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత చాలాసేపటికి ఒక బొజ్జ, చివరికి మొత్తం మనిషి బయటపడ్డాడు. మదనపల్లెలో టమాటా మండీ నడిపే రెడ్డెప్ప. అంత మనిషి అంత కారులో ఎట్ల పట్టాడా అని ఏకాంబరం నోరు తెరుచుకు చూశాడు. వెనకే వచ్చిన జీపులోంచి ఆయన స్నేహితులు దిగారు. ఒకాయన లెక్చరరు, ఒకావిడ పళ్ల డాక్టరు, ఒకతనికి ఫొటో స్టూడియో. ఎవరి కారు వాళ్లకున్నా, వీలు దొరికిన ఆదివారమల్లా ఈ బుల్లి కారు వెంటపడి కొండెక్కడం వాళ్ల పిచ్చి.

"పోయినసారి ఇది లేదే!" అన్నాడు లెక్చరరు, గుట్టను చూసి.

రెడ్డెప్ప ఇస్త్రీ చొక్కాతోనే రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. చెంప తారుకు ఆనించి కారు కిందికి చూశాడు. చెయ్యి లోపలికి పెట్టి ఎక్కడో నిమిరాడు.

"అడుగు తగుల్తాదిరా అమ్మీ," అన్నాడు కారుతో. "ఉండు, ఏదో ఒకటి చేస్తాం."

మిగతావాళ్లూ పడుకున్నారు. పళ్ల డాక్టరమ్మ చీర కుచ్చెళ్లు దోపుకొని మరీ పడుకుంది. ఇంత వయసొచ్చిన మనుషులు, నడిరోడ్డు మీద, వరసగా, సాష్టాంగం.

ఏకాంబరానికి ఒళ్లు మండింది. లేచి గేటు దగ్గరికి పోయాడు. అతనికి కోపం వచ్చిందని అతను అనుకున్నాడు గానీ, కోపం కాదది. తను పూజగదిలో రోజూ పెట్టే సాష్టాంగంలో ఏనాడూ చెంప నేలకు ఇట్ల ఆనలేదు. అది గుర్తొచ్చి ఒక రేకు డబ్బా మీద అసూయ పుట్టింది.

"ఏమయ్యా, ఇంత కష్టపెట్టే బండి ఎందుకు నీకు? ఉన్నోడివి. మంచిది కొనుక్కోకూడదా?"

రెడ్డెప్ప లేచి దుమ్ము దులుపుకున్నాడు. "ఇంట్లో పెద్దది ఉండాది చిన్నసామీ. పనికి దాంట్లోనే పోతాను."

"మరి ఇదెందుకు?"

రెడ్డెప్ప కారు ముందు మూత తెరిచి చూపించాడు. లోపల ఇంజను లేదు, స్టెప్నీ ఉంది. తర్వాత సీట్ల వెనకున్న మూత ఎత్తాడు. అక్కడుంది ఇంజను, నడుముకు ఆనుకుని.

"ముందర కాదు, కొసన కాదు. నడిమధ్యన పెట్టినారు సామీ. నడిపేటప్పుడు వీపులో కొట్టుకుంటా ఉంటుంది. రాత్రయితే దీపాలు లేస్తాయి చూడండి, రెండు చెవుల మాదిరి. అందుకే చెవులపిల్లి అంటాం."

చిన్నపిల్లాడు కుందేలును చూపించినట్టే చూపించాడు. ఏకాంబరం మెత్తబడదల్చుకోలేదు.

"ఎక్కడ దొరికింది?"

"కొండమీద ఒక ముసలాయన కోళ్లషెడ్డులో. సీట్లో కోడి గుడ్లు పెట్టుకోనుండె. తెచ్చుకున్నా గానీ ఏం లాభం, నడిస్తే గదా? ఇంజను లోపల ఏదో ముక్క పోయింది, ఏ దేశంలోనూ దొరకదన్నారు. ఏళ్లకేళ్లు మా ఇంటి షెడ్డులోనే ఉండె."

"అన్నేళ్లు ఏం చేసినావు?"

"కూర్చునేవాణ్ణి."

"ఎక్కడ?"

"దాంట్లోనే. మండీనుంచి వచ్చి, స్నానం చేసి, పోయి కూర్చునేది. తాళం తిప్పేది. స్టార్టు కాదు. కాదని తెలుసు. అయినా కాసేపు కూర్చుని వచ్చేది."

"స్టార్టు కాని బండిలో ఊరికే కూర్చునేవాడివా?"

"ఊరికేనే." రెడ్డెప్ప కొంచెం సిగ్గుపడ్డాడు. "మా ఆడమనిషి మొదట్లో తిట్టేది. పిచ్చి ముదిరిందనేది. ఒక సాయంత్రం కాఫీ తెచ్చి, రెండో సీటు ఖాళీగానే ఉంది గదా అని తనూ కూర్చునింది. అప్పట్నుంచి ఇద్దరం కూర్చునేది. ఒక మేస్త్రీ ఆ ముక్క చేసిచ్చినాక ఎప్పుడో నడిచిందిలే సామీ, చాలా ఏళ్లకు. నడిచిననాడు సంతోషమే. కానీ అబద్ధమెందుకు, అంతకుముందూ సంతోషంగానే ఉన్నా."

ఏకాంబరం కళ్లు ఇంజను మీదున్నాయి గానీ దాన్ని చూడటం లేదు.

వసారాలో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. సామి లేచారు. గోడకానించిన మూట తీసుకుని గేటు వైపు వస్తున్నారు. ఇదిగో నీ మూట, ఇంక బయలుదేరు అంటారేమో! పోతానన్నది తనే. అయినా ఆ మూట ఆయన చేతిలో చూసేసరికి ఏకాంబరం గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

సామి అతన్ని దాటిపోయి, గుట్ట దగ్గర గొంతుక్కూర్చుని, మూట విప్పారు. గొంగళి గుట్ట మీద పరిచారు. పంచెలు రెండూ తీసి మడత పెట్టి దానిమీద వేయబోయారు.

"మడతలొద్దు పెద్దసామీ," అన్నాడు రెడ్డెప్ప. "ఒక్క పొరే. ఎత్తు పెరుగుతాది."

"అట్లనా," అని సామి మడతలు విప్పేశారు. తెల్లటి పంచెలు, ఏకాంబరం చాకిరేవులో లాగా బాది బాది ఉతుక్కునే పంచెలు, గుట్ట మీద వెడల్పుగా పరుచుకున్నాయి. "జారుతుందా ఇప్పుడు?"

"జారుతాది సామీ. మేం వెనకనుంచి ఎత్తి తోస్తాం. లోపల ఒకరు కూర్చుని స్టీరింగు తిన్నగా పట్టుకోవాల. నేను కూర్చుంటే రెండంగుళాలు దిగిపోతాది."

సామి శిష్యుడి వైపు చూశారు. ఉపవాసాలతో ఎండి వెదురుకర్రలా ఉన్నాడు.

"మావాడు సన్నగా ఉంటాడు," అన్నారు.

ఏకాంబరం లోపల దూరాడు. దూరాలంటే తల వంచాలి, మోకాళ్లు వంచాలి, ఆ తర్వాత ఇంకా వంచాలి. చివరికి పడక్కుర్చీలో పడ్డట్టు పడ్డాడు. అద్దంలోంచి చూస్తే ఎదురుగా రోడ్డు గట్టు మీద నిలబడ్డ సామి పాదాలు, సరిగ్గా కళ్లకు సమంగా. మడమలు పగుళ్లు తీసి ఉన్నాయి. ఇన్నేళ్లూ రోజూ మొక్కిన పాదాలు. పగుళ్లున్నాయని ఈరోజే చూశాడు.

స్టీరింగును పిడికిళ్లు బిగించి పట్టుకున్నాడు.

"అంత గట్టిగా వద్దు చిన్నసామీ," అని వెనకనుంచి రెడ్డెప్ప గొంతు. "ఊరికే కూర్చోండి. తోసేది మేం తోస్తాం."

అందరూ కలిసి పట్టారు. కారు కాస్త లేచింది, పంచెల మీద మెత్తగా జారింది, గుట్ట దాటి అవతల దిగింది. ఒక్క గీత పడలేదు. పళ్ల డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. రెడ్డెప్ప వచ్చి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఏకాంబరం వీపు వెనక ఇంజను మేలుకుంది. ఆ అదురు అతని వెన్నులోకి, అక్కణ్నుంచి ఛాతీలోకి వచ్చింది. ఎందుకో తెలియదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగేటప్పుడు పక్కసీటు మీద చెయ్యి ఆనింది. నిజంగానే ఖాళీగా ఉంది.

"రెడ్డెప్పా, ఈ గుట్ట పోయించింది నేనే," అన్నాడు.

రెడ్డెప్ప గుట్టను ఒకసారి, మనిషిని ఒకసారి చూశాడు. "అట్లనా సామీ? గట్టిగా పోయించినారు," అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే మెచ్చుకున్నాడు. "సాయంత్రం ఈ దోవనే దిగొస్తాం. పంచెలు అట్లనే ఉండనీయండి."

వాళ్లు కొండెక్కిపోయారు. సామి మళ్లీ వసారాలో కూర్చుని, మిగిలిన గింజలు ముందుకు లాక్కున్నారు. ఏకాంబరం కూడా కూర్చుని పితికాడు. మొదటివి నాలుగైదు నలిపేశాడు. తర్వాతవి జారాయి.

మధ్యాహ్నం కూర తిన్నాక అతను వెళ్లలేదు. గడ్డపార తీసుకుని రోడ్డు మీదికి పోయి, పంచెలు పక్కకు తీసి, తను పోయించిన పైపొరను పొద్దు వాలేదాకా చెక్కాడు. మసక చీకట్లో చెవులపిల్లి రెండు చెవులూ లేపుకుని కొండ దిగి వచ్చింది. ఆగే పనిలేకుండానే గుట్ట దాటింది. దాటాక మాత్రం ఆగింది. రెడ్డెప్ప కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపి వెళ్లిపోయాడు.

పంచెలకు గ్రీజు మరక పడింది. ఎంత ఉతికినా పోలేదు. తడిపంచెలతో ఎక్కడికి పోతావులే అన్నారు సామి.

మర్నాడు తెల్లవారుజామున సామి లేచి చూస్తే పూజగది తలుపు తీసి ఉంది. ఏకాంబరం మరకల పంచె కట్టుకుని లోపల కూర్చుని ఉన్నాడు. చేతిలో జపమాల లేదు. పెదవులు కదలడం లేదు. దీపం వంక చూస్తూ కూర్చున్నాడు, అంతే.

"ఏం నాయనా?" అన్నారు సామి గుమ్మంలోంచి.

ఏకాంబరం తల తిప్పాడు. చిన్నగా నవ్వాడు.

"స్టార్టు కాలేదు సామీ."

"పోనీలే," అన్నారు సామి. లోపలికి వచ్చి, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా అతని పక్కన కూలబడ్డారు. "రెండో సీటు ఖాళీయే గదా."