పిన్నీసు బ్యాడ్జి

సువర్ణలతకు యాభై ఒక్కేళ్లు. గడప దాటే ముందు పైట సర్దుకుని, దాని మీద క్లబ్ బ్యాడ్జి గుచ్చుకోవడం ఆమె అలవాటు.

ఆ బ్యాడ్జి వెనక పిన్నీసు ఉంటుంది. పైట మడతలన్నీ ఒక్కచోటికి తెచ్చి, మెడ దాకా లాగి, జాకెట్టుతో కలిపి గుచ్చితే ఇక సాయంత్రం దాకా పోగు కదలదు.

ప్రొద్దుటూరు స్నేహదీప సేవా క్లబ్‌లో ఈ ఏడు అందరికీ కొత్త బ్యాడ్జీలు వచ్చాయి. బంగారు రంగు రేకు, వెనక అయస్కాంతం. రేకు పైన, అయస్కాంతం లోపల, మధ్యన చీర. టక్కున అతుక్కుంటుంది, పట్టుచీరకు బొక్క పడదు. క్లబ్ ఆడవాళ్లు పండగ చేసుకున్నారు. సువర్ణలత ఒక్కతే పాతది వదల్లేదు.

"పబ్లిక్ ఇమేజ్ చైర్మన్‌వి నువ్వే పాతది పెట్టుకుంటే ఎట్లా వదినా?" అని సెక్రటరీ భార్య ఎగతాళి చేసింది.

"నా చీరలు బరువు. అయస్కాంతానికి పైట నిలవదు" అంది సువర్ణలత.

ఆ మాట అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు.

పబ్లిక్ ఇమేజ్ అంటే క్లబ్ భాషలో, చేసిన మంచి పని నలుగురికీ కనబడేట్టు చూడడం. చెయ్యనిది కూడా కనబడేట్టు చూస్తే ఇంకా సమర్థులని పేరు. ఈ ఏడు క్లబ్ అధ్యక్షుడు సువర్ణలత భర్త నరహరి. ఆ క్లబ్‌లో మగవాళ్లకు పేర్లుంటాయి, ఆడవాళ్లకు మొగుళ్ల పేర్లుంటాయి. సువర్ణలత పాత బ్యాడ్జి మీద "శ్రీమతి నరహరి" అని రాసి ఉంది. కొత్తదాని మీద దాని కింద "ఫస్ట్ లేడీ" అని కూడా చేర్చారు. ఈ రెండింటిలో ఎక్కడా సువర్ణలత లేదు.

ప్రతి గురువారం లాగే ఆ గురువారం కూడా ఆమె ఓబులమ్మ ఇంటికి వెళ్లింది. వెంట ఫోటోగ్రాఫర్ కుళ్లాయప్పను తీసుకెళ్లింది. చేతిసంచిలో ఒక కొత్త బ్యాడ్జి కూడా పెట్టుకుంది.

ఓబులమ్మ పూజలూ విగ్రహాలూ లేని అచల మార్గంలో గురువు. డెబ్బై దాటిన మనిషి. మగ్గాల వీధిలో పెంకుటిల్లు. ఆ ఇంట్లో దేవుడి పటం లేదు, గురువు పటమూ లేదు. మొగుళ్ల చేతుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ ఆడవాళ్లు మాత్రం ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉంటారు. సువర్ణలత ఆమె దగ్గర ఉపదేశం తీసుకుని చాలా ఏళ్లయింది. ఉపదేశం అంటే చెవిలో చెప్పిన ఒక్క మాట. ఆ తర్వాత ఓబులమ్మ ఆమెకు పెద్దగా చెప్పింది ఏమీ లేదు.

"ఎండన పడి వచ్చినావే పాపా. కూర్చో. శనక్కాయలు ఒలుచు" అంది ఓబులమ్మ.

ఆ ఇంటికి కలెక్టరొచ్చినా కూర్చుని శనక్కాయలు ఒలవాల్సిందే. సువర్ణలత కూర్చుని చాట ముందుకు లాక్కుంది. కుళ్లాయప్ప ఇంటి ముందు పంచలో నిలబడి కెమెరా తుడుచుకుంటున్నాడు.

"అమ్మా, ఒక సాయం అడగాలని వచ్చినా."

"అడుగు."

"వచ్చే నెల జిల్లా సభ. మంచి పబ్లిక్ ఇమేజ్ ఉన్న క్లబ్‌కు పురస్కారం ఇస్తారు. దుప్పట్లు పంచిన ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి. మనకు వేరేది కావాల. మీ దగ్గరుండే రేణుక ఫోటో ఒక్కటి తీసుకుంటాం."

ఓబులమ్మ మూలనున్న గ్రైండర్ వైపు చూసింది. పోయినేడు క్లబ్ ఇచ్చిందే అది. దాని పొట్ట మీద క్లబ్ పేరు ఎర్ర రంగుతో జానెడు అక్షరాల్లో ఉంది.

"గ్రైండర్ ఇచ్చినారు, దాని మీద మీ పేరు రాసినారు. ఇప్పుడు పిండి మీద కూడా రాయాలంటావు."

గోడ పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్న రేణుక తలెత్తింది. ఇరవై ఏడెనిమిదేళ్ల పిల్ల. మొగుడు లారీ డ్రైవరు. ఆగిన ప్రతి ఊళ్లోనూ ఆమె కోసం వాకబు చేస్తున్నాడని కబురు. మెడ మీద వాడి వేళ్ల గుర్తులు పచ్చగా మారుతున్నాయి.

సువర్ణలత సంచిలోంచి బ్యాడ్జి తీసి చాట అంచున పెట్టింది.

"ఇదేంది?" అంది ఓబులమ్మ.

"రేణుకకు పెట్టడానికమ్మా. ఫోటోలో సేవ చేసేదెవరో, చేయించుకునేదెవరో తెలియాల కదా."

"చూస్తే తెలియదా?"

"తెలియదమ్మా. పోయినసారి పేపరోళ్లు మా సెక్రటరీ భార్య ఫోటో వేసి, 'దుప్పటి అందుకున్న వృద్ధురాలు' అని రాసినారు. ఆయమ్మ వారం దినాలు అన్నం తినలేదు."

ఓబులమ్మ నవ్వింది. రేణుక కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సువర్ణలతకు కొంచెం ధైర్యమొచ్చింది.

"నా కండ్లకు అక్షరాలు ఆనవు. ఏమని రాసినారు దాని మీద?" అని అడిగింది ఓబులమ్మ.

సువర్ణలత ఒక్క క్షణం ఆగి చదివింది. "బాధిత మహిళ."

రేణుక నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"మేడమ్, నా ఫోటో పేపర్లో పడితే మా ఆయన చూస్తాడు. చూస్తే నేరుగా ఈడికే వస్తాడు."

"ముఖం పక్కకు తిప్పుకోమ్మా. మాకు ముఖం వద్దు. మెడ మీద దెబ్బ కనబడితే చాలు."

ఆ మాట నరహరిది. పొద్దున ఆయన అన్నది అన్నట్టుగా ఆమె అప్పజెప్పింది.

"గుర్తుపట్టడా మేడమ్?" అంది రేణుక. "నా మెడ కాకపోతే పోనీ, వాని వేళ్లు వానికి తెలియవా?"

జవాబు తోచనప్పుడు ఆడవాళ్లకు ఆడవాళ్లే చెప్పుకునే మాట ఒకటి ఉంది. సువర్ణలతకు అమ్మ చెప్పింది, అత్త చెప్పింది. క్లబ్ కౌన్సెలింగ్ బల్ల వెనక కూర్చుని ఆమె కూడా ఎందరికో చెప్పింది. అదే నోటికొచ్చింది.

"కొంచెం సర్దుకోవాలమ్మా."

శనక్కాయలు చిట్లే చప్పుడు ఆగిపోయింది. ఓబులమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

సువర్ణలత గబగబా అంది. "అమ్మా, మీరు ఒక్క మాట చెబితే ఈ పిల్ల వింటాది. ఈ ఫోటో లేకుండా నేను ఇంటికి పోలేను."

"పోను అనలేదు నువ్వు, పోలేను అన్నావు" అంది ఓబులమ్మ.

సువర్ణలత చాటలోంచి ఇంకో కాయ తీసుకుంది.

"సరే, కానియ్. ఫోటో ఆయన్ను పిలిచేదాకా పంచలోనే ఉండమను. తలుపు దగ్గరగా వెయ్. నీ బ్యాడ్జి వంకర పోయింది, ఇట్లా రా, సరిచేస్తా."

సువర్ణలత తలుపు మూసి వచ్చి ఆమె ముందు వంగి కూర్చుంది. గురువు ఒప్పుకున్నందుకు ఒళ్లంతా తేలికైంది. ఓబులమ్మ వేళ్లకు శనక్కాయ మట్టి వాసన.

"దీని మీద ఏం రాసినారు?"

"శ్రీమతి నరహరి."

"అంటే నరహరి చీర కట్టుకున్నాడా?"

రేణుక కిసుక్కుమంది. సువర్ణలతకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ముగిసేలోపు ఓబులమ్మ పిన్నీసు ఊడదీసింది.

"అమ్మా, వద్దు..."

అప్పటికే పైట మడతలన్నీ ఒక్కసారిగా విడిపోయాయి. బరువైన చీర. బుజం మీద ఆగలేదు.

పక్కింట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడుతోంది.

సువర్ణలత మెడ కింద ఒక పక్క నాలుగు వేళ్లు, ఇంకో పక్క బొటనవేలు. రేణుక మెడ మీదవి పచ్చబడుతున్నాయి. ఇవి ఇంకా నల్లగానే ఉన్నాయి.

ఓబులమ్మ చాట అంచున ఉన్న "బాధిత మహిళ" బ్యాడ్జి తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"మెడ చాలంటివి కదా. ఇదో మెడ. పిలువు ఆ ఫోటో ఆయన్ను."

సువర్ణలత రెండు చేతులతో పైట గుండెలకు అదుముకుంది. బ్యాడ్జి కిందపడి గ్రైండర్ దాకా దొర్లింది.

"నా పరువు పోతాదమ్మా."

ఓబులమ్మ రేణుక వైపు చూసింది. సువర్ణలత కూడా అటే చూసింది. చూసి తల దించుకుంది.

పైట వదలకుండానే అడిగింది. "మీకెట్లా తెలుసమ్మా?"

"ఈ ఎండల్లో మెడ దాకా కప్పుకుని వచ్చేటోళ్లను ఈ ఇంట్లో శానామందిని చూసినా. ఎప్పుడన్నా చెబుతావేమోనని కాసుకున్నా. ఈ పొద్దు ఇంకొక మెడ కోసం వచ్చినావు."

రేణుక లేచొచ్చింది. ఒక చేత్తో సువర్ణలత పైట అందుకుని బుజం మీదికి లాగి, మెడ మీద గుర్తులను దగ్గర నుంచి చూసింది. అంతవరకూ ఆమెను మేడమ్ అన్న పిల్ల.

"అక్కా, పసుపూ నూనే పెట్టినావా? పెట్టకపోతే శానా దినాలుంటాది."

సువర్ణలత అడ్డంగా తలూపింది.

పంచలోంచి కుళ్లాయప్ప కేకేశాడు. "మేడమ్, వెలుతురు పోతాంది. లోపలికి రావాల్నా?"

ఆయన మళ్లీ కేకేశాడు.

"వద్దు కుళ్లాయప్పా. నువ్వు పో" అంది సువర్ణలత. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

బండి వెళ్లిపోయిన చప్పుడయ్యాక ఓబులమ్మ పాత బ్యాడ్జి ఆమెకు తిరిగిచ్చింది.

"బ్యాడ్జి మీద ఉండే పేరు వానిది. దాని కింద ఉండే ఒళ్లు నీది."

తర్వాత ఒలిచిన శనక్కాయ గింజల మీది పొట్టు ఊదుతూ, ఎవరితోనో అన్నట్టు అంది. "లోపల పడుకోను ఇంకొక చాప ఉంది."

సువర్ణలత చాలాసేపు కూర్చుంది. రేణుక తెచ్చిన పసుపు నూనె రాయించుకుంది. ఆ తర్వాత లేచి, పైట మడతలు ఒక్కచోటికి తెచ్చి, మెడ దాకా లాగి, పిన్నీసు గుచ్చుకుంది. కిందపడ్డ బ్యాడ్జిని తీసి సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఓబులమ్మ ఆపలేదు. రేణుక గడప దాకా వచ్చి ఆగిపోయింది.

ఫోటో లేకుండా ఇంటికి పోయిన ఆ సాయంత్రం గురించి చెప్పాల్సిందేమీ లేదు. ఆ తర్వాతి గురువారం ఆమె ఓబులమ్మ ఇంటికి రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

జిల్లా సభలో పురస్కారం స్నేహదీప క్లబ్‌కే వచ్చింది. దుప్పట్ల ఫోటోలే సరిపోయాయి. మహిళా సంక్షేమం మీద నరహరి మంచి ఉపన్యాసం ఇచ్చాడు, చప్పట్లు బాగా పడ్డాయి. ఆయన పక్కన నిలబడ్డ సువర్ణలత ఆ రోజు తన చీరల్లో అన్నిటికంటే బరువైన ధర్మవరం పట్టుచీర కట్టింది. దాని మీద మొదటిసారిగా కొత్త అయస్కాంతం బ్యాడ్జి పెట్టుకుంది. "శ్రీమతి నరహరి, ఫస్ట్ లేడీ."

పేపర్లవాళ్లు కెమెరాలెత్తారు. పైట జారింది, మెడ కింద నల్లటి వేళ్ల గుర్తులు బయటపడ్డాయి.

"మేడమ్, పైట సర్దుకోండి" అన్నాడు ముందు వరసలో ఉన్న కుళ్లాయప్ప.

సువర్ణలత సర్దుకోలేదు.