లోయలోంచి వచ్చిన మూలుగు

నీలిగుట్ట అడవిలో ఏనుగులు, అడవిదున్నలు, జింకలు, కొండముచ్చులు, నక్కలు ఉండేవి. అడవి మధ్యలో ఒక లోతైన లోయ. దాని అంచున పైనుంచి కిందికి పన్నెండు సన్నని దారులు. చిన్న పిల్లలు ఆ దారుల్లో నడవలేవు. అందుకని గండుడు అనే ఏనుగు, మాచయ్య అనే అడవిదున్న వాటిని వీపు మీద ఎక్కించుకుని అవతలి పచ్చికకు చేర్చేవాళ్లు.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. పులిసిన ఇప్పపూలు మత్తెక్కిస్తాయి కనుక, అవి తిన్నవాళ్లు ఆ పూట ఎవరినీ మొయ్యకూడదు.

గండుడికి ఆ మాటంటే నవ్వు. "ఇంత ఒంటికి నాలుగు పూలు ఒక లెక్కా? కళ్లు మూసుకున్నా నా కాళ్లకు దారి తెలుసు" అనేవాడు.

ఒకరోజు తెల్లవారేసరికి లోయ నిండా పొగమంచు కమ్మింది. పక్షులు కూడా కూయలేదు. పిల్లలు ఎక్కే బండ పక్కకు ఒక పెద్ద నల్లని వీపు వచ్చి ఆగింది. తల్లి జింక తన పిల్ల చుక్కిని దాని మీదికి ఎక్కించింది. ఆ వీపు ఒక్క మాటా మాట్లాడలేదు. కదిలి మంచులో కలిసిపోయింది.

అప్పుడు తల్లికి గుప్పున పులిసిన వాసన తగిలింది.

"ఆగు! చుక్కీ, దిగిపోవే!" అని అరిచింది.

కాసేపటికి రాళ్లు దొర్లిన చప్పుడైంది. ఆ తరువాత లోయలోంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. కానీ ఎటు వెళ్లాలి? మూలుగు ఒకసారి ఎదురుగా వినిపించేది, ఒకసారి వీపు వెనక వినిపించేది. తమ కాళ్లే తమకు కనబడని మంచు అది.

అడవికి తీర్పరి కొండముచ్చు తాత. ఆయన గండుడిని, మాచయ్యను పిలిపించాడు. ఇద్దరి దగ్గరా ఇప్పపూల వాసనే!

నక్క ఇద్దరి మధ్యకూ వచ్చి గుసగుసలాడింది. "నోరు విప్పకండి. పొద్దెక్కితే మత్తు దిగుతుంది. ఆ తరువాత ఎవరేం రుజువు చేస్తారు?"

మాచయ్య దాని మాట వినలేదు. తాతకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"తాతా, నేను ఇప్పచెట్టు కింద పడుకున్నాను. పూలు నా వీపు మీద రాలాయి. వాసన ఒక్కటే చూసి నేరం మోపడం న్యాయం కాదు. నా నోరు వాసన చూడు. నన్ను నడిపించి చూడు. పొద్దున్న నేను కింది దారిన ఒంటరిగా వెళ్లొచ్చాను. అక్కడ నా గిట్టల గుర్తులు ఉంటాయి, వంగి తడిమి చూడండి."

తాత మాచయ్య నోటి దగ్గర ముక్కు పెట్టాడు. పచ్చిగడ్డి వాసన తప్ప మరేమీ లేదు. ఇసుకలో గీత గీసి నడవమన్నాడు. మాచయ్య గీత తప్పలేదు. కింది దారిలో తడిమి చూస్తే గిట్టల గుర్తులు తిన్నగా ఉన్నాయి. మిగతా దారులను మాత్రం ఆ మంచులో తడుముతూ వెతికితే ఎవరైనా లోయలోకి జారిపోతారు.

"నీ తప్పు లేదు" అన్నాడు తాత. తరువాత గండుడి వైపు తిరిగాడు. "నువ్వు ఏ దారిన వెళ్లావు?"

"నేను ఎక్కడికీ వెళ్లలేదు. పొద్దెక్కాక నడుస్తాను, అప్పుడు చూసుకోండి" అన్నాడు గండుడు.

తల్లి జింక అతని కాళ్ల మీద పడింది. "అన్నా, శిక్షలు తరువాత. దారి ఒక్కటి చెప్పు. కొండముచ్చులు దిగి నా బిడ్డను తెస్తాయి."

లోయలోంచి మళ్లీ మూలుగు వచ్చింది. గండుడి చెవులు వణికాయి. అయినా అతను నోరు విప్పలేదు.

మూలుగు చాలాసేపు వచ్చింది. రానురాను సన్నబడింది. తరువాత ఆగిపోయింది.

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. గండుడు ఇసుక గీత మీద ఠీవిగా నడిచి చూపించాడు. "చూశారా!" అంది నక్క.

ఎవరూ చూడటం లేదు. అందరి కళ్లూ పై దారి మీదే ఉన్నాయి. అక్కడ బురదలో ఏనుగు అడుగులు అటూ ఇటూ తూలి, లోయ అంచు దాకా వెళ్లి, వెనక్కి తిరిగాయి. కొండముచ్చులు అక్కడి నుంచి దిగాయి. చుక్కి అంచుకు కాస్త కిందనే ఒక రాతి అరుగు మీద ఉంది. ప్రాణం లేదు. ఒళ్లు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

గండుడు కూలబడిపోయాడు.

"మీ అందరికీ మూలుగే వినబడింది" అన్నాడు. "నావి పెద్ద చెవులు. నాకు మాటలు వినబడ్డాయి. 'ఏనుగు మామా, నేనిక్కడే ఉన్నాను' అని పిలుస్తూనే ఉంది."

తల్లి జింక మెల్లగా అడిగింది. "ఎన్నిసార్లు పిలిచింది?"

గండుడు తల దించుకున్నాడు.

ఆ రోజే అతన్ని అడవి దాటించారు. తప్పుడు సలహా ఇచ్చిన నక్కనూ వెంట పంపేశారు. అప్పటి నుంచి పిల్లలను మాచయ్య ఒక్కడే మోస్తున్నాడు. ఏ తల్లీ అడగకముందే బండ దగ్గర ఆగి, తల వంచి, నోరు తెరిచి చూపిస్తాడు.

నీతి: మత్తులో ఉన్నప్పుడు ఇతరుల ప్రాణాలను వీపున వేసుకోకూడదు. నింద పడినప్పుడు నిజాన్ని పరీక్షకు నిలబెట్టడమే రక్షణ; కాలం గడిపి తప్పించుకోవాలనుకుంటే తప్పు రెట్టింపవుతుంది.