మొహమాటం లేని బ్యాటరీలు

అనగనగా ఒక కొండ. కొండకు ఇవతల సగం రాజ్యం, అవతల సగం రాజ్యం. మధ్యన ఒకే ఒక సొరంగం. పట్టపగలైనా అందులో కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించదు. పైగా అడుగడుగునా గోతులు. అందుకని ఆ రాజ్యంలో ఇంటింటా ఒక టార్చి, టార్చిలో ఒక నికెల్ బ్యాటరీ ఉండేవి.

ఆ రాజ్యాన్ని దానవర్మ మహారాజు ఏలేవాడు. ఆయనకు అతిథులంటే ప్రాణం. "అతిథి చాలన్నా మరో రెండు గరిటెలు వడ్డించాలి. చాలు అన్నది కడుపులోంచి వచ్చిన మాట కాదు, మొహమాటం" అని శాసనం వేయించాడు.

సొరంగం దగ్గర బ్యాటరీలకు ఛార్జరు తయారుచేసే పని సోమాచారికి అప్పగించాడు. "బ్యాటరీ కూడా మన గడపకు వచ్చిన అతిథే ఆచారీ. అన్నిటికీ ఒకే పంక్తి. కరెంటు ధారాళంగా పొయ్యి" అన్నాడు. రాజుగారి మాటకు తిరుగేముంది? ఆచారి అలాగే చేశాడు.

కొన్ని బ్యాటరీలు ఉబ్బి పగిలాయి. కొన్ని సొరంగం మధ్యలో ఆరిపోయాయి. కొన్ని అసలు వెలగనే లేదు. గోతుల్లో పడి ఇద్దరు కాళ్లు విరగ్గొట్టుకున్నాక జనం సొరంగంలో అడుగు పెట్టడమే మానేశారు. ఆచారిని తిట్టుకోవడం మాత్రం మానలేదు.

ఇంతలో కొండ మీదుగా ఒక రామచిలుక ఎగిరివచ్చింది.

"ఆచారీ, అవతల మీ అమ్మాయి కామాక్షికి నొప్పులు మొదలయ్యేలా ఉన్నాయి. బిడ్డ అడ్డం తిరిగిందట. అమ్మ వస్తే తప్ప గండం గడవదంటున్నారు" అంది.

ఆచారి భార్య భ్రమరాంబ పేరున్న మంత్రసాని. ఎందరి బిడ్డలనో భూమ్మీదికి తెచ్చిన చేతులు ఆమెవి. కానీ సొరంగం దాటేదెలా? ఇంట్లో పగలని బ్యాటరీలు మూడే మిగిలాయి, మూడూ సరిగా వెలగనివే.

ఆ పూట ఆచారికి ముద్ద దిగలేదు. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. భ్రమరాంబ మనసు కూతురి మీదే ఉంది, గరిటె మాత్రం అలవాటు కొద్దీ వంగింది. సలసల కాగే పప్పుచారు ఆచారి చేతి మీద పడింది.

"చాలని చెయ్యి పెట్టాను కదే!"

"మొహమాటపడ్డావనుకున్నానయ్యా."

"సొంత ఇంట్లో మొహమాటమేమిటే?" అని ఆచారి చెయ్యి ఊదుకున్నాడు. ఊదుకుంటూ ఊదుకుంటూ ఆగిపోయాడు. మనిషి సంగతి సరే, బ్యాటరీకి మాత్రం మొహమాటమెందుకుంటుంది?

వెంటనే మూడు బ్యాటరీలనూ ఎదుట కూర్చోబెట్టుకుని, "నా తప్పేమిటో మీరే చెప్పండి" అన్నాడు.

నికెల్ బ్యాటరీల్లో కొత్త రకం హైడ్రైడ్. మూడింటిలో చిన్నదైన ఆ హైడ్రైడ్ బ్యాటరీ ముందు నోరు విప్పింది. "తాతా, కడుపు నిండితే నా ఒళ్లు వెచ్చబడుతుంది. నీ మీటరు ముల్లు ఎక్కి ఎక్కి, రవ్వంత కిందికి దిగుతుంది. నేను చెయ్యి అడ్డం పెట్టడమంటే అదే. నువ్వు చూడవు, పోస్తూనే ఉంటావు."

పాత రకందైన కాడ్మియం బ్యాటరీ ముసలిది. "నాకు ఎప్పుడూ సగం తిన్న విస్తట్లోనే వడ్డించారు ఆచారీ. దాంతో మిగతా సగం ఆకలి సంగతే మరిచిపోయాను. ముందు ఉన్నది తిననియ్యి" అంది.

మూడోది కూడా హైడ్రైడే, కానీ ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉంది. దాని గొంతు పీలగా వచ్చింది. "నేను పస్తున్నాను నాయనా. పస్తున్నవాళ్లకు మొదటి ముద్దకే బూరెలు కుక్కుతారా? ముందు గంజి పొయ్యి."

ఆచారి పాత పంక్తిని ఊడబీకాడు. మూడింటికీ మూడు గూళ్లు కట్టి, గూటికొక ముల్లు బిగించాడు. ముసలిదానికి చిన్న బల్బు తగిలించి పాత మిగులు ఖర్చు చేయించాడు. పస్తున్నదానికి సన్నని ధారతో మొదలుపెట్టాడు. ముల్లు రవ్వంత దిగితే కరెంటు దానంతటదే ఆగిపోయేలా మీట అమర్చాడు.

"మరి శాసనం?" అంది భ్రమరాంబ.

"ముందు బిడ్డ. తరవాత శాసనం."

టక్. మొదటి గూటి మీట పడింది. కాసేపటికి మరో టక్. చాలాసేపటికి మూడోది.

ఆచారి ముందు, భ్రమరాంబ వెనక సొరంగంలోకి దిగారు. చిన్నది కొంత దారి చూపింది. అది ఆరగానే ముసలిదాన్ని వేశాడు. అది మరిచిపోయిన సగం కూడా గుర్తు తెచ్చుకుని వెలిగింది. ఇక మిగిలింది పస్తున్నది. దాని మీద ఆచారికి నమ్మకం లేదు. అయినా వేశాడు. అది చిన్నగా, నిలకడగా, అవతలి ఎండ కనిపించేదాకా వెలిగింది.

ఆ సాయంత్రమే భ్రమరాంబ బిడ్డను సరిచేసి మనవరాలిని చేతుల్లోకి తీసుకుంది. పసిపిల్ల ఏడుపు వినగానే గుమ్మం బయట ఉన్న ఆచారికి పోయిన ప్రాణం లేచివచ్చింది.

బారసాలకు రాజుగారు స్వయంగా వచ్చారు. ఆచారి పరమాన్నం వడ్డిస్తుంటే "చాలు" అని చెయ్యి అడ్డం పెట్టారు. గరిటె అక్కడే ఆగింది.

"శాసనం మరిచావా ఆచారీ?" అన్నాడు మంత్రి.

"మరవలేదు బాబూ. ప్రభువుల చెయ్యి కనిపించింది."

రాజుగారు నడుము పట్టీ వదులు చేసుకుని నిట్టూర్చారు. "హమ్మయ్య. ఇన్నేళ్లకు నా మాట విన్నవాడు ఒకడు దొరికాడు. శాసనం నేనే వేయించాను కనుక ఎవరితోనూ చెప్పుకోలేక, పెట్టిందల్లా తింటున్నాను."

ఆ పంక్తిలోనే శాసనం రద్దయింది. ఊరూరా ఆచారి ఛార్జర్లు వెలిశాయి. సొరంగం మళ్లీ జనంతో కళకళలాడింది.

పెట్టే చెయ్యి మంచిదే; ఎవరి ఆకలి ఎంతో ఎరిగి, చాలన్నప్పుడు ఆగే చెయ్యి అంతకన్నా మంచిది.