తెల్లారుజామున ఓ గంట

గురువుగారి మాల గురువుగారికే తిరిగిచ్చేద్దామని సుభాషిణి బయల్దేరింది. చంకలో పిల్ల, భుజాన సంచి, సంచిలో పసుపుగుడ్డలో చుట్టిన తులసిమాల. బస్సెక్కి కూర్చోగానే పిల్ల ఆదమరిచి నిద్రపోయింది. పోదూ మరి! సాయంత్రం నాలుగింటికి దానికేం బాధ? దాని పేచీ అంతా తెల్లారుజామునే.

పిల్ల పేరు హిమజ. ఇంట్లో బుడ్డమ్మ. ఏడాదిన్నర దాటి నెలయింది. మాటలు ఐదారు వచ్చాయి. అమ్మ, తాత, బువ్వ, కాకి, ఇంకా 'ఉందు'. ఈ చివరిది తల్లి దగ్గర పట్టుకుంది. సుభాషిణి అంగన్‌వాడీలో ఆయా. "ఉండు నాన్నా, ఉండవే తల్లీ, ఒక్క నిమిషం ఉండు" అని పొద్దస్తమానం ఊరి పిల్లల్ని ఆపడమే ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చాక సొంత పిల్లతోనూ అదే. భర్త గ్రానైటు లారీ తోలతాడు, వెళ్తే మళ్ళీ వారానికి గాని ఇంటి మొహం చూడడు.

గురువంటే కాషాయం, గడ్డం ఉంటాయనుకునేరు. పున్నయ్యస్వామికి అవేం లేవు. ఆయన దర్జీ. ఒకప్పుడు జాకెట్లు కుట్టేవాడు, చూపు తగ్గాక పాతచీరలతో బొంతలు కుడుతున్నాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. ఆయన నోటినుంచి నాలుగు మాటలు రావడం గగనం. మూడు నెలల కిందట సుభాషిణి చేతిలో మాల పెట్టి, "తెల్లారుజామున ఓ గంట ఉండమ్మా. నలభై రోజులు. మధ్యలో తప్పితే మళ్ళీ మొదటికి రా" అన్నాడు. అంతే, లేచి మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

సుభాషిణి మర్నాడే మొదలుపెట్టింది. ఐదింటికి లేచి, మొహం కడుక్కుని, వంటగది మూల చాప పరుచుకుని కూర్చుంది. పది పూసలు తిరిగాయో లేదో, బుడ్డమ్మ కళ్ళు నులుముకుంటూ వచ్చి ఒళ్ళో ఎక్కి మాల లాక్కుంది.

సరే, పిల్లకంటే ముందు లేస్తే పోలా అనుకుంది. నాలుగున్నరకి లేచింది. పిల్ల నాలుగూ నలభైకి లేచింది. నాలుగింటికి లేచింది. పిల్ల నాలుగూ పదికి. చివరికి మూడున్నర దాకా వచ్చారు తల్లీకూతుళ్ళు. ఈ పిల్లకి టైము ఎవరు చెబుతున్నారో సుభాషిణికి అంతుబట్టలేదు.

వీధిలో సలహాలకేం కొదవ! రాత్రి రాగిజావ పట్టమన్నారు, పట్టింది. మధ్యాహ్నం పడుకోనివ్వొద్దన్నారు, పడుకోనివ్వలేదు. దాంతో సాయంత్రం ఏడుపు ఎక్కువైంది తప్ప తెల్లారుజామున ఒరిగిందేం లేదు. దిష్టి తీశారు. కిటికీకి దుప్పటి కట్టారు. కాళ్ళ పట్టీల చప్పుడుకి లేస్తోందేమోనని సుభాషిణి పట్టీలు విప్పేసి పిల్లిలా నడిచింది. తలుపుకి నూనె కూడా వేసింది. బుడ్డమ్మ ఏ రోజూ పది నిమిషాలు ఆలస్యం చెయ్యలేదు.

పిల్లని ఒళ్ళో పెట్టుకునే ఎలాగో లాక్కొచ్చినా, నలభై రోజుల లెక్క ఏడో రోజు తప్పింది. ఇంకోసారి పదకొండో రోజు. ఆ తర్వాత ఎన్నిసార్లు మొదటికొచ్చిందో ఆమెకే గుర్తులేదు. తల ప్రాణం తోకకొచ్చింది. అంగన్‌వాడీలో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. పొయ్యి ముందు నిలబడి నిలబడే కునుకు తీస్తే పాలు పొంగి మంట ఆరిపోయింది. అన్నిటికీ ఓర్చుకుంది. నిన్న తెల్లారుజామున జరిగిన దానికి మాత్రం ఓర్చుకోలేకపోయింది. జపం చెడగొడుతోందని పిల్లని కొట్టింది. చేతిలో మాల ఉండగానే కొట్టింది.

పున్నయ్యస్వామి ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆయన అరుగు మీద బొంత పరుచుకుని సూదిలోకి దారం ఎక్కించలేక తంటాలు పడుతున్నాడు. "సమయానికొచ్చావమ్మాయ్" అని సూదీ దారం ఆమెకిచ్చాడు. సుభాషిణి మూడుసార్లు ప్రయత్నించింది. నాలుగోసారికి ఎక్కింది.

సంచిలోంచి పసుపుగుడ్డ తీసి ఆయన ముందు పెట్టి, జరిగిందంతా చెప్పుకొచ్చింది. రాగిజావ సంగతీ, కిటికీ సంగతీ చెబుతున్నంతసేపూ ఆయన కుట్టుకుంటూనే ఉన్నాడు. కొట్టిన సంగతి దగ్గర చెయ్యి ఆగింది.

"ఎందుకు కొట్టావు?"

"లేవబోతుంటే కొంగు పట్టుకుంది స్వామీ. ఉందూ, ఉందూ అని ఒకటే ఏడుపు. విడిపించుకుని వెళ్ళి కూర్చుంటే వెనకాలే వచ్చి మాల పట్టుకుని లాగింది."

"ఏమని ఏడ్చింది?"

"ఉందూ అని. దానికి 'డ' పలకదు."

పున్నయ్యస్వామి పిల్ల వంక చూశాడు. బుడ్డమ్మ గడప మీద కూర్చుని ఆయన దారపుకండె దొర్లిస్తోంది. ముసలాయన ముసిముసిగా నవ్వాడు. సుభాషిణికి కష్టమనిపించింది. తన గోడు ఈయనకి నవ్వులాటగా ఉన్నట్టుంది.

"నావల్ల కాదు స్వామీ. పిల్లని కొట్టి చేసే జపం నాకొద్దు. మాల తీసేసుకోండి" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"తీసుకుంటాలే. చీకటి పడింది, రాత్రికి ఇక్కడే పడుకో. రేపు పొద్దున నేను పిలిచేదాకా పక్కమీద నుంచి మాత్రం లేవొద్దు. ఈ ఒక్క మాట వినిపో."

మాలని పసుపుగుడ్డతో సహా గోడ మేకుకి తగిలించాడు. ఆయన భార్య పేరమ్మ తల్లీబిడ్డలకి అన్నం పెట్టి, నడవలో కొత్త బొంత పరిచింది.

సుభాషిణికి మూడున్నరకే మెలకువొచ్చింది. అలవాటైన ఒళ్ళు మరి. లేవబోయి, గురువుగారి మాట గుర్తొచ్చి ఆగిపోయింది. చేతిలో మాల లేదు. ఏం చెయ్యాలో తోచక చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకుంది.

పది నిమిషాలైంది. బుడ్డమ్మ అటూ ఇటూ కదిలింది. అయిపోయింది, లేచింది అనుకుంది సుభాషిణి. పిల్ల కళ్ళు తెరవలేదు. చిన్న చెయ్యొకటి బొంత మీద తడుముకుంటూ వచ్చింది. తల్లి భుజం దొరికింది, మెడ దొరికింది, చెవి దొరికింది. "ఉందు" అని నిద్రలోనే గొణిగి, చెవి పట్టుకుని, పిల్ల మళ్ళీ నిద్రలోకి జారుకుంది.

సుభాషిణి ఊపిరి బిగబట్టింది. తర్వాత మెల్లగా వదిలింది. తను రోజూ ఈపాటికి పక్కమీద ఉండదు. వంటగదిలో చాప మీద ఉంటుంది. తడుముకున్న చెయ్యికి ఇన్నాళ్ళూ ఖాళీ పక్క దొరికిందన్నమాట. ఆ చీకట్లోనే కాసేపు ఏడ్చింది.

ఏడుపు ఆగాక ఇంకేం మిగల్లేదు. పిల్ల ఊపిరి చెంపకి తగులుతోంది. దూరంగా ఏదో లారీ వెళ్ళింది. ఐదింటికి పేరమ్మ లేచి గిన్నెలన్నీ ధడేల్‌మని వసారాలో పడేసింది, ఆవిడకి చెవుడు. అంత చప్పుడుకీ బుడ్డమ్మ కదల్లేదు. గురువుగారు పిలవలేదు. కిటికీ తెల్లబడింది, ఎండ వచ్చి బొంత అంచు మీద పడింది. అప్పటికీ పిలవలేదు.

బుడ్డమ్మ తనంతట తానే లేచి, "కాకి" అని వీధిలోకి చెయ్యి చూపించింది. ఆరున్నరైంది.

సుభాషిణి పిల్లని ఎత్తుకుని అరుగు మీదికొచ్చి దించింది. పున్నయ్యస్వామి అప్పటికే సూది పట్టుకుని కూర్చున్నాడు.

"పిలుస్తానన్నారు గదా స్వామీ?"

"మెలకువ ఎప్పుడొచ్చింది?"

"మూడున్నరకి."

"మరి ఇంతసేపూ ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు. ఊరికే అట్టా ఉన్నాను."

ముసలాయన దారం కొరికి తెంపాడు. "నేను చెప్పింది అదే గదమ్మా, ఓ గంట ఉండమని. కూర్చోమన్నానా ఎప్పుడన్నా?"

ఆయన లేచి, మేకుకున్న పసుపుగుడ్డ తీసుకొచ్చి ఆమె సంచిలో వేశాడు. ఆమె వద్దనలేదు.

ఏడింటి బస్సు మలుపులో హారన్ కొట్టింది. సుభాషిణి హడావిడిగా సంచి భుజానేసుకుని, పిల్లకోసం వంగింది. బుడ్డమ్మ దారపుకండె ముందేసుకుని కూర్చుంది. కదిలేలా లేదు. తల్లి కొంగు గుప్పిట పట్టుకుని, మొహం పైకెత్తి, "ఉందూ" అంది.

బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది. సుభాషిణి సంచి దించి అరుగు మీద పెట్టింది.

"ఉంటాన్లే" అంది.