కొండెక్కిన దీపాలు

ఒకానొక కొండ కింది రాజ్యంలో చండకేతుడనే రాజు ఉండేవాడు. అతనికి దీపాలు సేకరించే పిచ్చి. ఏ దేశం నుంచి ఎవరు వచ్చినా ఒక దీపం తేవాలి. కోటలో పెద్ద గది ఒకటి వాటితో నిండిపోయింది. దానికి దీపాల కొలువని పేరు. సాయంత్రం అయ్యేసరికి అన్నీ వెలగాలి.

దీపం ఆరింది అనడం అశుభమని ఇళ్ళలో కొండెక్కింది అంటారు. చండకేతుడు దాన్ని రాజాజ్ఞ చేశాడు. ఒకసారి వంటవాడు నోరు జారి దీపం ఆర్పానన్నాడు. కొరడా దెబ్బలు తిన్నాడు. అప్పటి నుంచి కోటలో అందరూ దీపాల దగ్గర ఆచితూచి మాట్లాడేవారు.

ఒక సాయంత్రం రాజు ఆ గదిలో తిరుగుతుండగా ఉత్తరీయం అంచుకు నిప్పంటుకుంది. భటులు నీళ్ళు పోశారు. రాజుకు ఒళ్ళు కాలలేదు గానీ పరువు కాలింది.

"ఇన్నెందుకు? మాకు ఇష్టమైనవి చాలు. మిగతావి తీయించండి" అన్నాడు.

ఆ పని భాండాగారం చూసే గంగాధరుడి మీద పడింది. అతను పిడి విరిగిన ఒక పాత దీపాన్ని తీసేసేవాటిలో పెట్టాడు. అది రాజు పసితనంలో ఆడుకున్నదట. గంగాధరుణ్ణి ఆ పూటే చెరలో వేశారు.

మర్నాడు కొలువులో రాజు చూపు బొప్పన మీద ఆగింది. బొప్పన ఆ కొలువులో పేరుపడ్డ మాటకారి. ఆ రోజు మాత్రం స్తంభం చాటున నిలబడ్డాడు.

"ఏం బొప్పనా, ఎండ తగులుతోందా? ఇలా రా. ఆ పని నువ్వు చెయ్యి."

"చిత్తం. తమకు ఇష్టమైనవేవో సెలవిస్తే..."

"అవి మేమే చెబితే నువ్వెందుకు? రాజు మనసు తెలియనివాడు కొలువులో ఉండి ఏం లాభం? రేపు దీపాలు పెట్టే వేళకు మాకు ఇష్టమైనవి ఉండాలి. మిగతావన్నీ కొండెక్కించి గది ఖాళీ చెయ్యి. ఒక్కటి తప్పినా నీ తల ఉండదు."

బొప్పన ఇంటికి వెళ్ళాడు. అన్నం సయించలేదు. భార్య అడిగితే కడుపులో బాగాలేదన్నాడు. తెల్లవారగానే బళ్ళు మాట్లాడాడు.

దీపాలు పెట్టే వేళ రాజు వచ్చాడు. గుమ్మం దగ్గర తలారి కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల చీకటి. ఖాళీ గది మధ్యలో బొప్పన ఒక్కడే ఉన్నాడు.

"దీపాలేవి?"

"కొండెక్కించాను, మహారాజా."

"అన్నీనా?"

"అన్నీ."

రాజు గొంతు మారిపోయింది. "నా నెమలి సెమ్మె? ఆ మెడ వంపు చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు. దాన్ని కూడానా?"

"దాన్ని కూడా."

"మా అమ్మ తులసికోట దగ్గర పెట్టిన మట్టి ప్రమిద?"

"అదీ."

"నా పిడి విరిగిన దీపం?"

"అదీ, మహారాజా. ఇంకా?"

"ఇంకానా? ఇంకా బోలెడు. ఆ ఇత్తడిది."

"ఇత్తడివి చాలా ఉన్నాయి. ఏది?"

రాజు నోరు తెరిచాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ కోపంతో తలారి వైపు చూశాడు. తలారి ఒక అడుగు ముందుకు వేశాడు.

బొప్పన గబగబా తూర్పు కిటికీ తలుపులు తెరిచాడు.

ఎదురుగా కొండ. కింది నుంచి పై దాకా, గొర్రెలు కాసేవాళ్ళు చిరుతపులి భయంతో దిగే దారి పొడవునా దీపాలు వెలుగుతున్నాయి.

"కొండెక్కించమన్నారు. ఎక్కించాను" అన్నాడు బొప్పన. "తమరు ఆనవాలు చెప్పి అడిగినవే తమకు ఇష్టమైనవి. వాటిని ఇప్పుడే దింపిస్తాను. మిగతావి అక్కడే ఉండనివ్వండి."

"మాటతో ఆడుకుంటున్నావా?"

"ఈ కోటలో ఆ మాట ఇంకోలా అనే ధైర్యం ఎవరికుంది, మహారాజా?"

రాజు కొండ వైపు చూశాడు. "రేపు ఇంకో దీపం గుర్తొస్తే?"

"కొండెక్కి తెచ్చుకోవాలి. అంత ఇష్టం లేకపోతే అక్కడే ఉంటుంది."

రాజు పెదవులు బిగించాడు. ఆపుకోలేక నవ్వాడు. నవ్వీ నవ్వీ గోడ పట్టుకున్నాడు. "ఏం కావాలో కోరుకో, బొప్పనా."

"ముందు ఆ తలారిని ఇంటికి పంపించండి. వాడుండగా నాకు కోరికలు తోచడం లేదు."

తలారి వెళ్ళాడు. బొప్పన గంగాధరుణ్ణి విడిపించమన్నాడు. రాజు ఒప్పుకుని, తన మెడలోని ముత్యాల హారం తీసి బొప్పన మెడలో వేశాడు.

గంగాధరుడు చెరలోంచి కళ్ళు చికిలిస్తూ బయటికి వచ్చాడు. కొండ నిండా దీపాలు చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏమయ్యా బొప్పనా, ఎవరి పెళ్ళి?"

"మన తలలకీ మెడలకీ" అన్నాడు బొప్పన. "పద, ముహూర్తం మారకముందే ఇంటికి పోదాం."