పడుగు వెంట నడక

నొప్పి అని మూలుగుతున్న మనిషిని పట్టుకుని నడిపించడం దయ ఎలా అవుతుందని వేదాద్రి తన గురువును అడిగాడు.

పరాంకుశం గారు కాలవగట్టున ఉండి వైద్యం చేసేవారు. నలుగురు శిష్యులకు నేర్పేవారు. ఎవరొచ్చినా నాడి పట్టుకోకముందే వాళ్ళతో కలిసి లాకుల దాకా నడిచి వెనక్కి వచ్చేవారు. మందు ఇచ్చినా ఇవ్వకపోయినా, రోజూ నడవమని మాత్రం అందరికీ చెప్పేవారు. ఆ పూట మోకాళ్ళ నొప్పులతో వచ్చిన ఒక ముసలావిడ లాకుల దగ్గర కూలబడి ఏడ్చింది. అది చూడలేకే వేదాద్రి అడిగాడు.

గురువు అతనికి ఒక పని అప్పగించారు. "నేతవీధిలో భావనయ్య అని ఉన్నాడు. రేపటినుంచి రోజూ పొద్దున్నే వెళ్ళి ఆయన్ని నడిపించు. ఎంత నడిచాడో వచ్చి నాకు చెప్పు. తక్కిన వైద్యం నీ మాటను బట్టి చేస్తాను," అన్నారు. మరోమాట కూడా అన్నారు. "వానలు పడేలోగా ఆ కాళ్ళకు బలం రావాలి. రాకపోతే మంచం పడతాడు. ఆ వయసులో, ఆ ఒంటితో మంచం పడితే మళ్ళీ లేవడు."

భావనయ్య నలభై ఏళ్ళు మగ్గం నేసినవాడు. పొద్దంతా గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే పనే అయినా, ఆయన కాళ్ళు ఇనపకడ్డీల్లా ఉండేవట. అది పడుగు పుణ్యం. తెలతెలవారుతుండగానే వీధి పొడుగునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు దారాలు, సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఎండెక్కి దారం బిరుసెక్కేలోగా కుంచెతో దువ్వాలి. ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి, ఒక్కో పడుగుకి ముప్ఫై నలభైసార్లు తిరగాలి. అది నడక అని ఆ వీధిలో ఎవరూ అనుకోలేదు, పని అనుకున్నారు.

షష్టిపూర్తినాడు పెద్దకొడుకు మార్కండేయులు నలుగురి ముందూ లేచి, ఇకమీదట నాన్నను పడుగు దగ్గరికి రానివ్వనన్నాడు. ఆ వీధిలో అది కొడుకుల పరువుకు సంబంధించిన సంగతి. అరవై దాటిన తండ్రి ఇంకా కుంచె పట్టుకుని తిరుగుతున్నాడంటే కన్నకొడుకులు చేతకానివాళ్ళని అర్థం. అరుగు మీద పడక్కుర్చీ వేశారు. కాఫీ అక్కడికే, పళ్ళెం అక్కడికే, చెయ్యి కడుక్కోవడానికి చెంబూ అక్కడికే. అలాంటి కొడుకులు ఎవరికుంటారని వీధంతా మెచ్చుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి భావనయ్య తొడలు కరిగిపోయాయి, పొట్ట ముందుకొచ్చింది, చక్కెరజబ్బు పట్టుకుంది. గడప దాటితే ఆయాసం. చివరికి ఆయన భార్య రత్తమ్మే, కొడుకులతో చెప్పకుండా, పరాంకుశం గారికి కబురుపెట్టింది.

మొదటిరోజు వేదాద్రి వెళ్ళేసరికి మార్కండేయులు అడ్డం వచ్చాడు.

"వీధిలో ఎందుకండీ? ఆయన్ని మేం మళ్ళీ పనిలో పెట్టామనుకుంటారు. నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీరా. నవ్వి నవ్వి వాళ్ళకే ఆయాసం వస్తుంది," అంది రత్తమ్మ, మొగుడి చంకకింద చెయ్యివేసి లేపుతూ.

ఆ వేళ పడుగు పొడుగులో పావువంతు నడిచాడు. రెండోరోజు సగం. నాలుగోరోజు ఒక చివరినుంచి రెండో చివరికి చేరాడు. పడుగు దువ్వుతున్న కుర్రకారు పక్కకి తప్పుకుని దారి ఇస్తుంటే భావనయ్య రొప్పుతూనే అన్నాడు: "ఏం నాయనా, నా పెళ్ళికి కూడా ఇంతదూరం ఊరేగించలేదు. మీ గురువుకి నామీద ఏం పగ?" వేదాద్రి నవ్వాడు. ఆ రోజు గురువుతో జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆరోరోజు రత్తమ్మ రాలేదు, కోడలికి జ్వరమని ఇంట్లో ఉండిపోయింది. సగందూరంలో భావనయ్య ఆగిపోయాడు. పిక్కలు మెలిపెడుతున్నాయన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అంత పెద్దవాడు అలా వీధిలో నిలబడి ఏడుస్తుంటే వేదాద్రికి గుండె తరుక్కుపోయింది. పక్కనే ఎవరిదో ఖాళీ అరుగు ఉంటే దానిమీద కూర్చోబెట్టాడు.

"ఇవాళ్టికి చాలు, భావనయ్యగారూ."

"నువ్వు బంగారం, నాయనా. మీ గురువుతో మాత్రం అనకు. ఆయనొచ్చి పరిగెత్తించినా పరిగెత్తిస్తాడు."

ఆ సాయంత్రం గురువు అడిగితే, రెండుసార్లు అటూ ఇటూ నడిచాడని వేదాద్రి చెప్పాడు. ఒక్కరోజు మాటేగా అనుకున్నాడు. రత్తమ్మ కూడా, వేదాద్రి ఉన్నాడన్న భరోసాతో, ఆపైన వెంట రాలేదు. మర్నాడు ఆ అరుగు రాగానే భావనయ్య తనంతట తనే ఆగాడు. ఆ తర్వాత ఇద్దరికీ అదే అలవాటైపోయింది. సగం నడక, ఆపైన అరుగుమీద కబుర్లు. ఏ రంగు దారం ఎండకి నిలుస్తుందో, ఏ షావుకారు చీర ఎలా విప్పి చూసేవాడో భావనయ్య చెప్పేవాడు. వేదాద్రికి ఆ గంట ఎంతో హాయిగా ఉండేది. సాయంత్రం గురువుతో మూడుసార్లనీ, నాలుగుసార్లనీ, ఆయాసం తగ్గిందనీ చెప్పేవాడు. నిజంగా నడిచి ఉంటే ఎంత పెరిగేదో లెక్కవేసి మరీ చెప్పేవాడు.

నెలన్నర గడిచింది. ఒకరోజు పరాంకుశం గారు విని, సంతోషంగా తల ఊపారు. "ఐదుసార్లు నడుస్తున్నాడంటే ఇక చెయ్యి పట్టుకోనక్కర్లేదు. రేపటినుంచి పెరట్లోకి ఒక్కణ్ణే వెళ్ళనిమ్మని రత్తమ్మకు చెప్పు. తనంతట తను తిరిగితేనే ధైర్యం వస్తుంది."

వేదాద్రి నోరు తెరిచాడు. గురువు ముఖంలో ఆ సంతోషం చూశాడు. నోరు మూసుకుని, వెళ్ళి ఆ మాట రత్తమ్మతో చెప్పాడు. చెబుతున్నప్పుడు భావనయ్య అతనివైపు చూశాడు. ఆయనా ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున భావనయ్య పెరట్లో నూతిగట్టు దగ్గర పడిపోయాడు. రాయి తగల్లేదు, కాలు జారలేదు. మెట్టు దిగబోతే కాలు మనిషిని మొయ్యలేదు, అంతే. తుంటి విరిగింది. పట్నం ఆసుపత్రికి తీసుకెళితే, గుండె బలహీనంగా ఉంది, కోత పెట్టలేమన్నారు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. కొడుకులు వంతులవారీగా కూర్చుని విసిరారు, ఒళ్ళు తుడిచారు, ఏ లోటూ రానివ్వలేదు. వీపు పుళ్ళుపడింది. వానలు మొదలైన రెండోవారంలో రొమ్ముకి కఫం పట్టింది. ఊపిరాడక మూడురోజులు కొట్టుకుని ప్రాణం విడిచాడు. ఆఖర్న వేదాద్రి చెయ్యి పట్టుకుని, "నీ తప్పేం లేదు నాయనా, నేనే కూర్చున్నాను," అన్నాడు. ఆ మాట అతనికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

పెద్దకర్మ అయ్యాక వేదాద్రి గురువు దగ్గరికి వచ్చి, ఆరోరోజు నుంచీ తను చెప్పిందంతా అబద్ధమన్నాడు. ఏదీ దాచలేదు.

"ఆయన బాధ చూడలేకపోయానండీ."



"పెరట్లోకి ఒంటరిగా పంపింది నేను," అన్నారు పరాంకుశం గారు. "నెలన్నరలో ఒక్కరోజు వచ్చి నా కళ్ళతో చూడవలసింది. నీ మాట చాలనుకున్నాను. నా వాటా నాకుంది. నీ వాటా నేను తీసుకోలేను."

తనను వెళ్ళిపొమ్మంటారని వేదాద్రి అనుకున్నాడు. గురువు అడిగింది వేరు.

"రత్తమ్మ ఎలా ఉంది?"

"కొడుకులు మంచం మీదనుంచి దిగనివ్వడం లేదండీ. నాన్నకి ఎంత చేసినా దక్కలేదు, అమ్మనైనా కాలు కింద పెట్టకుండా చూసుకుంటామంటున్నారు. బిందె కూడా ముట్టుకోనివ్వరు. ఆవిడ మారుమాట్లాడటం లేదు."

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగు రోజులండీ."

"నాలుగేనా," అన్నారు పరాంకుశం గారు. "అయితే ఇంకా నిలబడగలదు. వెళ్ళు."